గ్రహశకలం నీడ వెంట బోథ్ దాక

మా ఇంట్ల ప్రయాణం అంటే దేవుని దగ్గరికే. వేములవాడ, ధర్మపురి, కాళేశ్వరం, బాసర. ఈ పేర్లు తప్ప వేరే పేరు మీద నేను సంచి సర్దుకున్నది తక్కువ. అందుకే మొన్న కార్తీకం వెళ్లినంక "బోథ్ పోతున్న" అంటే పక్కింటామె "అక్కడ ఏ గుడి ఉన్నదమ్మా?" అని అడిగింది. గుడికి కాదు, ఒక రాయి నీడ చూడనీకి పోతున్న అన్న. ఆమె నా ముఖం చూసి, మెల్లగ మా ఆయన దిక్కు చూసింది. ఆయన "నన్ను అడగకుండ్రి" అన్నట్టు చెయ్యి తిప్పి లోపలికి పోయిండు.

పోయి వచ్చినంక అందరూ అడుగుతున్నరు, ఏం చూసినవని. ఒక్కొక్కరికి చెప్పుకుంట పోతే నోరు నొస్తున్నది. అందుకే కూసోని రాస్తున్న. ఇది అటు పోనోళ్ల కోసం.

నేను పెద్దపల్లిల ఉంట. బడి మెట్లు ఎక్కలేదు. మా బాపు ఇంటికాడనే పలక మీద అక్షరాలు దిద్దిచ్చిండు. పారాయణం చేసుకుంట చేసుకుంట చదువు అలవాటైంది. ఆకాశం మాత్రం మా అక్క బిడ్డ శ్రావణి నేర్పింది. శ్రావణి కరీంనగర్ల కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తది. పోయిన ఏడు నాకు కంప్యూటర్ మీద ఆకాశం బొమ్మలు చూపించింది. ఒకే జాగ బొమ్మలను ఒకదాని వెనక ఒకటి తిప్పుతుంటే చుక్కలన్నీ కదలకుండ ఉన్నయి, ఒక్క చుక్క మాత్రం మెల్లగ పక్కకు జరిగింది. "గదేంది బిడ్డా, గదొక్కటి నడుస్తున్నది?" అన్న. "అదే చిన్నమ్మా, గ్రహశకలం" అన్నది. ఆ రోజు నుంచి నాకు ఆ నడిచే చుక్కల మీద ప్రేమ కుదిరింది. చిన్నప్పుడు తోకచుక్క అంటే రాజ్యానికి కీడు అని భయపెట్టేటోళ్లు. అది మంచు, ధూళి కలిసిన ముద్ద అని, సూర్యుని దగ్గరికొస్తే ఆవిరి లేచి తోక వస్తదని ఇప్పుడు తెలిసింది. భయం పోయింది, భక్తి పెరిగింది.

గ్రహశకలానికి తోక లేదు, సొంత వెలుగు లేదు. మామూలు టెలిస్కోపు పెట్టి చూస్తే చుక్కనే కనిపిస్తది. మరి అది ఎంత పెద్దది, దాని ఆకారం ఏంది ఎట్ల తెలుస్తది? ఒక్కోసారి అది ఏదో నక్షత్రానికి అడ్డం వస్తది. అప్పుడు ఆ నక్షత్రం వెలుగుల ఈ రాయి నీడ మన భూమి మీద పడి ఉరుకుతది. ఆ నీడ దోవల నిలబడ్డోళ్లకు నక్షత్రం కొన్ని క్షణాలు మాయమైతది. నీడకు అడ్డంగ, దక్షిణం నుంచి ఉత్తరం దాక, ఊరికొకరు నిలబడి ఎవరికి ఎంతసేపు మాయమైందో రాసుకుంటే ఆ గీతలన్నీ కలిపి రాయి ఆకారం గీయొచ్చు. ఈసారి ఆ నీడ మన ఉత్తర తెలంగాణ మీదికెళ్లి పోతదని లెక్క తేలింది. మెట్‌పల్లిల ఒకరు, నిర్మల్ల ఒకరు, నేరడిగొండల ఒకరు. అందరికన్న ఉత్తరాన, అంచు మీద, బోథ్ అవతల మేము.

శ్రావణి దగ్గరున్న టెలిస్కోపు ఆమెది కాదు. హైదరాబాద్ల ఆకాశం చూసేవాళ్ల బృందం ఒకటున్నది, వాళ్లు ఇచ్చింది. శనివారం సాయంత్రం కాలేజీ మిద్దె మీద ఆడపిల్లలు దాని ముందర వరుస కడుతరు. కాని ఇంతకుముందు ఇట్లాంటి పని రెండుసార్లు అప్పజెప్తే ఒకసారి మబ్బు, ఒకసారి పొగమంచు. రిపోర్టు పోలేదు. బృందం పెద్దసారు మంచిగనే చెప్పిండు: "అమ్మా, ఈసారి గూడ మీ దిక్కు నుంచి ఏం రాకుంటే టెలిస్కోపును వేరే జిల్లాకు పంపాలె. అడిగేవాళ్లు చానమంది ఉన్నరు." శ్రావణి ఆ మాట నాకు చెప్పేటప్పుడు నవ్వుకుంటనే చెప్పింది గాని, ఆ పూట అన్నం సగమే తిన్నది.

కరీంనగర్ నుంచి

శ్రావణికి పాత చిన్న కారు ఉన్నది. తనే నడుపుతది. టెలిస్కోపును బొంతల చుట్టి వెనక సీట్ల పండుకోబెట్టి సీటు బెల్టు పెట్టింది.

"నాకు పెట్టుకొమ్మని ఇంత ముద్దుగ ఎన్నడన్న చెప్పినవా?" అన్న.

"నువ్వు పడితే లేస్తవ్ చిన్నమ్మా. గా అద్దం పడితే లేవది."

నేను సర్వపిండి, పల్లి పట్టీలు కట్టుకొచ్చిన. జగిత్యాల రాకముందే సర్వపిండి సగం అయిపోయింది. కొండగట్టు కింద కారు ఆపమని, అంజన్నకు కింది నుంచే దండం పెట్టిన. "పైకి పోయి వద్దామా?" అన్నది శ్రావణి. "తిరిగి వచ్చేటప్పుడు. మొక్కు చెప్పుకుంటున్న గద, తీర్చనీకి అప్పుడు రావాలె" అన్న. ఏం మొక్కినవని అడగలేదు. ఆమెకు తెలుసు.

మెట్‌పల్లి

మెట్‌పల్లి చుట్టు పసుపు చేన్లు. ఆకు ఎండుముఖం పట్టింది, ఇంకో నెలన్నరకు తవ్వుతరు. బస్టాండు దగ్గర చాయ్ తాగినం. పది రూపాయలకు మా పెద్దపల్లిల వచ్చే గిలాసకు ఇది ఒకటిన్నర. చెక్కర మాత్రం రెండింతలు. బెంచీ మీద మా పక్కన ఒకామె చాటల ఆకులు పెట్టుకొని బీడీలు చుడుతున్నది. పేరు లక్ష్మి. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నయి, కండ్లు మా మీద.

"ఎటు పోతుండ్రు అక్కా, గింత సామానుతోని?"

శ్రావణి ఓపికగ చెప్పింది: రాయి, నక్షత్రం, నీడ. లక్ష్మి బీడీ కట్ట పక్కన పెట్టింది.

"గా నీడ ఎటు పోతది?"

"తూర్పు నుంచి పడమటికి. మన మీదికెళ్లి మహారాష్ట్ర, అటెన్క సముద్రం..."

"మస్కట్ల మా ఆయన ఉన్నడు. అటు గూడ పోతదా?"

శ్రావణి ఫోన్ల పటం తీసి వేలితోని గీత వెంట పోయింది. "పోతది. కాని అక్కడ ఇంకా వెలుతురు ఉంటదక్కా. నక్షత్రం కనిపియ్యది."

"కనిపియ్యకుంటే మానె. పోతది గద. ఎంత సేపు పడతది అక్కడికి?"

"కొన్ని నిమిషాలు."

"అరె! మా ఆయనకు ఫోన్ కలవాల్నంటే గంత కన్న ఎక్కువనే పడతది" అని పకపక నవ్వింది. మేము లేస్తుంటే మెల్లగ అడిగింది, "ఏ రోజు, ఏ పొద్దుకు?" శ్రావణి చెప్పింది. ఆమె ఆ పొద్దుకు బయట నిలబడి చూసిందో లేదో నాకు తెలువది. కాని ఆ పొద్దుకు నేను ఆమెను యాది చేసుకున్న.

గోదారి దాటినంక

సోన్ వంతెన మీద కారు ఆపి గోదారమ్మకు పువ్వులు వేసినం. ఆ రాత్రి నిర్మల్ల ఉన్నం. కొయ్య బొమ్మల దుకాణంల ఒక జింక బొమ్మ చూసిన. ధర విని మల్ల యథాస్థానంల పెట్టిన. దుకాణపాయన "అమ్మా, ముట్టుకున్నరు గద, జర తక్కువ చేసిస్త" అన్నడు. వద్దు బాబూ, రేపు నాకు వేరే ఖర్చు ఉండొచ్చు అన్న. ఆ నోటివాక్కు ఏ దేవత విన్నదో, వాపస్ వచ్చేటప్పుడు నిజమే అయింది, అది తరువాత చెప్త.

పొద్దున ఘాట్ ఎక్కినం. టేకు అడవి ఆకు రాల్చలేదు ఇంకా, కాని రంగు మారింది. దోవ పొంట సీతాఫలాలు, కాలం అయిపోవచ్చింది గనుక ఆఖరి బుట్టలు. వంద రూపాయలకు బుట్ట నిండ ఇచ్చింది ఒక ముసలమ్మ. కరీంనగర్ల ఆ పైసలకు సగం బుట్ట రాదు. "మంచిగ చూసి ఇయ్యి అవ్వా" అంటే, "చెట్టుకు చూసి కాయమని చెప్పిన బిడ్డా, ఇనలే" అన్నది.

అడవి చెక్‌పోస్ట్ దగ్గర గార్డు కారు ఆపిండు. వెనక సీటు దిక్కు తొంగి చూసి, బొంతల చుట్టి బెల్టు పెట్టిన పొడుగు వస్తువును చూసి ముఖం బిగించిండు.

"గా బొంతల ఏమున్నది? టేకు దుంగనా?"

"టెలిస్కోపు సార్."

"ఊకోండ్రి మేడం. దుంగకు బొంత కప్పి పిల్లను నిద్రపుచ్చినట్టు తీస్కపోయినోళ్లను చూసిన నేను."

శ్రావణి దిగి బొంత విప్పి అద్దం చూపించింది. ఆయన దాంట్లకు వంగి చూసిండు. తన మీసమే పెద్దగ కనిపించినట్టున్నది, దువ్వుకున్నడు. "దీన్ల చంద్రుడు కనిపిస్తడా?" "కనిపిస్తడు, రాత్రికి." "మరి పగటి పూట ఎందుకు మోస్కపోతుండ్రు?" అని దోవకు అడ్డమున్న కట్టె పైకి లేపిండు. ఘాట్ దిగేదాక నవ్వుకున్నం.

బోథ్ అవతల

నారాయణ్ పటేల్ గారి ఊరు బోథ్ దాటి కొంచెం లోపలికి. ఆయన బిడ్డ పూజ శ్రావణి దగ్గర చదువుకుంటది, శనివారం మిద్దె మీద వరుసల అందరికన్న ముందుంటది. పరీక్షలున్నయి గనుక పూజ రాలేదు. "మా బాపు అంత చూసుకుంటడు మేడం" అని చెప్పి పంపింది. టెలిస్కోపు పోతదేమోనన్న సంగతి బాపుకు గూడ చెప్పిందంట. నిజంగనే చూసుకున్నడు. కొంచెం ఎక్కువనే.

వాకిట్లకు రాంగనే పటేల్ భార్య గంగుబాయి "యా, బసా" అని మరాఠీల పిలిచి, మల్ల తెలుగుల "కూసోండ్రి బాయి, కూసోండ్రి" అన్నది. అక్కడ మాటల్ల సగం అటు, సగం ఇటు. ఇద్దరికీ పసుపు కుంకుమ పెట్టి ఒడిల కొబ్బరికాయ వేసింది. తరువాత బొంత విప్పించి టెలిస్కోపు దగ్గరికి కుంకుమ వేలు పట్టుకొని పోయింది. శ్రావణి అడ్డం ఉరికింది. "అక్కా, అద్దానికి వద్దు!" "నాకు తెల్వదా? కొత్తగ ఇంటికొచ్చినామె ముఖానికి పెడ్తం గాని కంట్ల పెడ్తమా?" అని గొట్టానికి నడుమ బొట్టు పెట్టింది.

జొన్న రొట్టెలు, శనగపిండి పిఠ్లం, దంచిన పచ్చిమిరపకాయల ఠేచా. మా దిక్కు జొన్న రొట్టె డాక్టరు చెప్తే తింటరు. ఇక్కడ ఆకలైతే తింటరు. తేడా నోట్ల పెట్టుకోంగనే తెలిసింది. నేను మూడు తిన్న. గంగుబాయి నాలుగోది వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టిన. ఆమె నా చెయ్యి మీదనే రొట్టె పెట్టింది.

ఆ సాయంత్రం కల్లంల టెలిస్కోపు పెట్టి అంత సరి చూసుకున్నం. తూర్పున పత్తి చేను మీద మా నక్షత్రం దొరికింది. కెమెరా దాన్ని పట్టింది. శ్రావణి ముఖం విప్పారింది. చలి మాత్రం చెప్పవద్దు. మా పెద్దపల్లి చలి శాలువకు జడుస్తది, ఇక్కడి చలి రెండు బొంతలకు గూడ జడవలేదు.

శామియానా

తెల్లారి పొద్దున గంగుబాయి మమ్ముల పొచ్చెర జలపాతానికి తీస్కపోయింది. మధ్యాహ్నం దాటినంక వాపస్ వచ్చేసరికి కల్లంల పెండ్లి జరుగుతున్నట్టు ఉన్నది. ఎర్ర, పచ్చ పూల శామియానా. నాలుగు దిక్కుల రంగురంగుల బల్బుల తోరణాలు. కుర్చీలు వరుసకు పెట్టి, మైక్ సెట్టు, పక్కన జనరేటరు. టెలిస్కోపు శామియానా నడుమ మేజా మీద, దండ వేసుకొని పెండ్లి పిల్లగాని లెక్క నిలబడ్డది.

పటేల్ తెల్ల అంగీల ఎదురొచ్చిండు. "ఎట్లున్నది మేడం? మా ఊరికి చుక్కలు చూసేటోళ్లు వచ్చుడు ఇదే మొదలు. ఉత్తగ కల్లంల నిలబెడితే మా ఇజ్జత్ ఏముంటది? ఎండ తగల్లే, మంచు పడలే."

నేను పైకి చూసిన. ఆయన గూడ నా వెంట పైకి చూసిండు. పూల గుడ్డ తప్ప ఏమీ లేదు.

"పటేల్ సాబ్, మరి చుక్క?"

ఆయన కొంచెం సేపు గుడ్డ దిక్కు చూసుకుంటనే ఉన్నడు. "అరె... గదొక్కటి మర్చిపోయిన" అన్నడు. కుర్చీల కూసున్నోళ్లంత ఒక్కసారి నవ్విండ్రు. ఆయనా నవ్విండు. నాకు ఇంకా నవ్వొస్తది ఆ ముఖం తలుచుకుంటే. మా దిక్కు గూడ అంతే కద. పనికొచ్చే మనిషి ఇంటికొస్తే నీడ పట్టాలె, కుర్చీ వెయ్యాలె, లైటు పెట్టాలె. ఆకాశం కోసం వచ్చిన మనిషికి నీడే అడ్డమని ఎవరికి తడుతది?

తాళ్లు విప్పుతుండంగనే శ్రావణి వైర్లు చూసింది. మేము లేనప్పుడు పటేల్, మా కెమెరా డబ్బాను, చుక్క వెంట టెలిస్కోపును తిప్పే మోటారును "చార్జింగ్ నిండుగ ఉండాలె" అని ఆ జనరేటరుకు కలిపిండు. ఆమె "కాకా, ఆగు" అననే అన్నది, ఎవరో మైక్ పరీక్షకు జనరేటరు వేసిండ్రు. ఠప్పుమన్నది. రబ్బరు కాలిన వాసన.

శ్రావణి పత్తి బస్తా మీద కూలబడ్డది. డబ్బా చెవి దగ్గర పెట్టుకొని ఊపింది, వైర్లు మార్చింది, ఊదింది. వెలగలేదు. మోటారు గూడ అంతే. పటేల్ కాలిన వైరు చేతుల పట్టుకొని దగ్గరికొచ్చిండు.

"బిడ్డా, నా పోరి చూసే టెలిస్కోపును నేనే కాలవెట్టిననా?"

"టెలిస్కోపు మంచిగనే ఉన్నది కాకా. దానికి కరెంటు లేదు. కెమెరా పోయింది."

"కెమెరా లేకుంటే?"

"కంటితోని చూడాలె. మునుపు అట్లనే చూసేటోళ్లు."

సారుకు ఫోన్ చేసింది. ఆయన తిట్టలేదు. "కంటితోనైనా సరే. కాని అమ్మా, గొంతు రికార్డు కావాలె, పక్కన గడియారం చప్పుడు వినిపించాలె. చూసినట్టు నాకు నమ్మకం కలగాలె. లేకుంటే ఖాళీ కిందనే లెక్క" అన్నడు.

ఫోన్ పెట్టేసి ఆమె నా దిక్కు తిరిగింది. "చిన్నమ్మా, నువ్వు చూడు. నేను చేతితోని గొట్టం తిప్పుకుంట చుక్కను నీ కంట్ల నిలబెడ్త."

"నేనా? నీ చదువేంది, నా చదువేంది?"

"చదువు కాదు. అది మాయం కావాల్నని నా పాణం కొట్టుకుంటున్నది. నేను చూస్తే ఆశకు ఏమంటనో నాకే తెలువది. నీకు లేని దాన్ని ఉన్నదనే అలవాటు లేదు."

ఉన్నది

పొద్దు గూకింది. పటేల్ చేసిన తప్పుకు పరిహారం అన్నట్టు ఇంటింటికి పోయి లైట్లు ఆర్పించిండు. తోరణాలు ఆగినయి. ఊరు ఊరంత చీకటి. గంగుబాయి మాత్రం తులసి ముందర దీపం దగ్గర నిలబడి నా దిక్కు చూసింది. "బాయి, దీన్ని తీసుడెట్ల?" "తియ్యొద్దక్కా, లోపలికి పట్టుకపో. దేవునికి లోపల గూడ కనిపిస్తది" అన్న. కొంగు చాటు చేసుకొని తీస్కపోయింది.

నక్షత్రం పోతే ఏమనాలె అన్నది ముందే మాట్లాడుకున్నం. "'ఆరింది' అను చిన్నమ్మా" అన్నది శ్రావణి. వెలిగేదాన్ని ఆరింది అనుడు మా ఇండ్లల్ల లేదు, నా నోటికి రాదు. "'లేదు' అంట, మల్ల వస్తే 'ఉన్నది' అంట" అన్న. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. "అది అసలే పోకుంటే? నేను నోరు మూసుకుంటే, చూస్తున్ననో కునుకు తీస్తున్ననో సారుకు ఎట్ల తెలుస్తది?"

శ్రావణి ఆలోచించింది. "చూస్తున్నంత సేపు చెప్పుకుంటనే ఉండు. ఆపకు."

అది నాకు కష్టమేం కాదు. రోజూ పొద్దున జపం చేసేటప్పుడు ఒక ఊపిరికి ఒక నామం. పెదవి కదులుతనే ఉంటది, మనసు అక్కడనే ఉంటది. ఫోన్ల గడియారం టిక్కు టిక్కుమనుడు మొదలైంది. స్టూలు మీద కూసోని కన్ను ఆనిచ్చిన. నల్లటి చీకట్ల చిన్న తెల్లటి మెరుపు. అంతే. దాని మీద మనసు పెట్టిన.

"ఉన్నది... ఉన్నది... ఉన్నది..."

వెనక ఎవరో దగ్గిండ్రు. కుక్క మొరిగింది. పక్కన శ్రావణి ఊపిరి బరువుగ వినిపిస్తున్నది, గొట్టాన్ని వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పుతున్నది. లెక్క ప్రకారం నీడ వచ్చే సమయం దగ్గరపడ్డది. నక్షత్రం కింద ఉన్నది గనుక మినుకుమంటున్నది. ఒకసారి సన్నబడ్డది. ఎంత సన్నబడ్డదంటే "లేదు" అన్న మాట నా గొంతు దాక వచ్చింది. ఇదే కావచ్చు! శ్రావణి కోసం, పూజ కోసం, మిద్దె మీది పిల్లలందరి కోసం ఒక్క మాట అంటే అయిపోతది. నా కండ్లకు నీళ్లొచ్చినయి. ఆ నీళ్ల నడుమ గూడ అది కనిపించింది.

"ఉన్నది... ఉన్నది..."

సమయం వచ్చింది. దాటింది. ఇంకా చూసిన. నా నోరు ఎండిపోయింది.

"ఐపోయింది చిన్నమ్మా" అన్నది శ్రావణి మెల్లగ.

"రాలేదు బిడ్డా."

"తెలుసు."

చీకట్ల నుంచి పటేల్ గొంతు: "ఏమాయె? మాయమైందా?"

"రాలే" అన్న.

ఊరోళ్లు ఒకరినొకరు చూసుకున్న చప్పుడు చీకట్ల గూడ తెలిసింది. గంగుబాయి వచ్చి నా భుజం పట్టుకున్నది. "గింత చేసి రాలేదా? జర తక్కువైనట్టు గూడ కనిపియ్యలేదా బాయి?"

"కనిపించిందక్కా. మినుకుమన్నది. కాని పోలే."

"మినుకుమన్నది గద!" పటేల్ ముందుకొచ్చిండు. "గదే రాయండ్రి మేడం. ఎవలు చూసిండ్రు? నా చేతుల పోయిన కెమెరాకు నా పోరికి ఎందుకు శిక్ష పడాలె?"

శ్రావణి లేచి నిలబడ్డది. ఆ చీకట్ల ఆమె ముఖం కనిపియ్యలేదు, గొంతు మాత్రం స్థిరంగ ఉన్నది. "రాయొచ్చు కాకా. రాస్తే ఏమైతదో తెలుసా? ఆ రాయి ఉన్నదాని కన్న పెద్దగైతది. దేవుడు పెట్టని రాయిని నేను ఆకాశంల పెట్టినట్టయితది. దాన్ని మల్ల ఎవరు తీస్తరు?"

నాకు మా అక్క యాదికొచ్చింది. ఇప్పుడు ఇక్కడుండి బిడ్డ మాట వింటే బాగుండు అనుకున్న. ఆ పొద్దు నేను దేవునికి చెప్పుకున్న కృతజ్ఞత నక్షత్రం గురించి కాదు.

శ్రావణి ఫోన్ల రిపోర్టు రాసింది: స్థలం, సమయం, చూసిన మనిషి, 'అడ్డం రాలేదు'. గొంతు రికార్డు కలిపి పంపింది. మిగతా ఊర్ల నుంచి ఏం వచ్చిందో అడగలేదు. "మనది పోయినంకనే అడగాలె, లేకుంటే మనసు మారుతది" అన్నది.

తిరుగుదోవ

పొద్దున బయలుదేరంగ గంగుబాయి ఠేచా సీసా ఇచ్చింది. పటేల్ కారు దాక వచ్చిండు గాని మా కండ్లల్లకు చూడలేదు. ఘాట్ దిగంగ టైరు పంచరైంది. నిర్మల్ల జింక బొమ్మకు పెట్టని పైసలు ఆ టైరుకు పోయినయి. పంచరాయన అరగంటల చేస్త అని రెండు గంటలు చేసిండు. మేము అక్కడనే చింతచెట్టు కింద మిగిలిన సర్వపిండి ఠేచాతోని తిన్నం. గంగుబాయి చేతి కారం మా పిండికి బాగ కుదిరింది. కొండగట్టు మొక్కు తీర్చినం. "పని కాలేదు గద, మొక్కెందుకు తీరుస్తవ్?" అన్నది శ్రావణి. "నేను పని కావాల్నని మొక్కలేదు. నోటి నుంచి అబద్ధం రావద్దని మొక్కిన" అన్న. ఆమె స్టీరింగ్ మీద చెయ్యి తీసి నా చెయ్యి పట్టుకున్నది. "ముందర చూసి నడుపు" అని చెయ్యి విడిపించుకున్న.

సారు ఫోన్ వచ్చేదాక ఇంట్ల ఎవరి ముఖంల కళ లేదు. ఫోన్ వచ్చినప్పుడు శ్రావణి మా ఇంట్లనే ఉన్నది. స్పీకర్ పెట్టింది.

మెట్‌పల్లిల మాయమైంది. నిర్మల్ల ఇంకా ఎక్కువ సేపు మాయమైంది. నేరడిగొండల రెప్పపాటు మాయమై వచ్చింది. బోథ్ల మాయం కాలేదు. "అందుకే ఇప్పుడు ఆ రాయి ఉత్తరం అంచు ఎక్కడున్నదో చెప్పగలుగుతున్నం. మీరు లేకుంటే అటు దిక్కు అది ఎంత పెద్దదో ఎవరికీ తెలువకపోయేది" అన్నడు సారు. తరువాత, "రికార్డు మొత్తం విన్నమమ్మా. ఎవరిదా గొంతు? నడుమ కుక్క మొరిగింది, ఎవరో దగ్గిండ్రు. ఆ గొంతు ఒక్కసారి గూడ ఆగలేదు. ఆ నమ్మకమే కావాలె మాకు" అన్నడు.

"మా చిన్నమ్మది సార్" అన్నది శ్రావణి. టెలిస్కోపు కరీంనగర్లనే ఉంటది. కెమెరాను బాగు చేయిస్తరు. మా ఆయన తలుపు సాటు నుంచి అంత విని, ఆ పూట తనే చాయ్ పెట్టిండు. ముప్పై ఏండ్ల కాపురంల అది ఎన్నోసారో నేను చెప్ప, ఆయన మర్యాద.

తరువాత శ్రావణి పటేల్‌కు ఫోన్ చేసింది. టెలిస్కోపు ఉంటదని చెప్పింది. ఆయన అడిగిండు.

"మా ఊరికి రాలే అంటివి. మరి ఎక్కడ దాక వచ్చినట్టు బిడ్డా?"

"నేరడిగొండ దాటింది కాకా. మీ ఊరికి ఇవతలనే ఆగింది."

"గట్లయితే మా పొలిమేర దాటలే అన్నట్టు."

"పొలిమేరనే అని చెప్పలేం. నడుమ ఎక్కడనన్న కావచ్చు."

"ఎక్కడనన్న గాని. సూర్యుని చుట్టు తిరిగేదాని అంచు మా కల్లం కాడ తెలిసింది గద!"

చేన్ల ఉన్నట్టున్నడు. పత్తి ఏరేవాళ్ల మాటలు వినిపిస్తున్నయి. ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి వాళ్లకు వినిపించేటట్టు గట్టిగ కేకవేసిండు: "రాలేదంటరో! మన దగ్గరికి రాలే!" రాలేదన్న మాటను అంత గర్వంగ చెప్పంగ నేను ఎన్నడూ వినలేదు.